సుద్ద పెట్టని గీత

మార్టూరు దగ్గర హైవే పక్కన గ్రానైట్ పాలిష్ యూనిట్లు వరసగా ఉంటాయి. వాటిలో ఒకటి వీరాంజనేయులు గారిది. అందులో షాజాదీ పని రాళ్లకు ఫొటోలు తీయడం. కోసి, పాలిష్ పట్టి, ఇనుప స్టాండుకు ఆనించిన పలక ముందు నిలబడి ముందుగా దాని మీద నీళ్లు చల్లి గుడ్డతో తుడుస్తుంది. తరవాత అడుగున కొలత టేపు పరుస్తుంది. ఆ తరవాతే అసలు పని. మొహం రాయికి దగ్గరగా పెట్టి పైనుంచి కింది దాకా వెతుకుతుంది. మచ్చ, గీత, పగులు, పెచ్చు లేచిన అంచు, ఏది కనపడితే దాని చుట్టూ తెల్ల సుద్దతో సున్నా చుడుతుంది. అప్పుడు వెనక్కి నడిచి, యూనిట్ వాళ్లిచ్చిన ఫోనుతో, ఎదురుగా, వంకర లేకుండా ఒక ఫొటో. అది కొనేవాళ్లకు వెళుతుంది.

ఈ సుద్ద సున్నా వీరాంజనేయులు గారు పెట్టిన కట్టుబాటు. పాలిష్ పట్టిన రాయి అద్దం లాంటిది. ఎదురుగా కరెంటు తీగ ఉంటే తీగ కనపడుతుంది, వేపకొమ్మ ఉంటే కొమ్మ కనపడుతుంది. ఫొటోలో ఉన్న గీత రాయిలోదో, రాయిలో పడ్డ నీడో దూరాన ఉన్నవాడికి ఎట్లా తెలుస్తుంది? సుద్ద ఉంటే రాయిది, లేకపోతే నీడ. ఆ ఒక్క నమ్మకం మీద ఒంగోలు నుంచి విజయవాడ దాకా జనం కంటితో చూడకుండా ఆయన దగ్గర రాళ్లు కొంటారు. ఆయనకు నిజాయితీ మీద ప్రత్యేకమైన భక్తి ఏమీ లేదు. పంపిన రాయి తిరిగొస్తే లారీ కిరాయి నెత్తిన పడుతుందని భయం, అంతే. అయితేనేం, పని జరుగుతోంది.

షాజాదీ కళ్లకు ఈ వెతుకులాట కొత్తది కాదు. చిన్నప్పుడు తల్లి ఖాదర్‌బీ పక్కన మిరప కళ్లాల్లో కూర్చుని తాలుకాయలు ఏరింది. ఎర్రటి కుప్పలో తెల్లబారిన కాయ, మచ్చ పడ్డ కాయ ఎక్కడ దాక్కుందో చూసి పక్కన పడెయ్యడం. పెళ్లికి ముందు చిలకలూరిపేటలో స్పిన్నింగు మిల్లులో చేసింది. అక్కడా అదే పని: పత్తిలో గోనె పీచు, రంగు దారప్పోగు, ఆకు ముక్క కనపడితే ఏరెయ్యాలి. ఆ దూదిపొడికి దగ్గు పట్టుకుని మిల్లు మానేసింది. లారీ డ్రైవరు మాలిక్‌ను చేసుకుని మార్టూరు వచ్చాక ఈ రాళ్లు. ముప్పై అయిదేళ్లు నిండకముందే ఈ నేల మీద పండేవాటిలోనూ, నేల కింద దొరికేవాటిలోనూ తప్పు వెతకడం పూర్తిచేసిన మనిషి. అందం గురించి క్యాలెండర్ల మీద అచ్చేసే మాటలు ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆమెకు తెలిసినంతలో లోపం లేకపోవడమే అందం. కాయకు మచ్చ లేకపోతే మంచి కాయ, రాయికి గీత లేకపోతే మంచి రాయి. ఇంతకు మించి ఆలోచించాల్సింది ఉందని ఆమెతో ఎవరూ అనలేదు.

ఈ లెక్కను చెడగొట్టింది నాగజ్యోతి. యూనిట్ ఆఫీసులో బిల్లులు చూసే పిల్ల. కొత్త చీర కట్టిన ప్రతిసారీ ఫొటో ఉండి తీరాలి ఆమెకు.

"గుంటూరులో పూల ప్రదర్శనంట. ఆ పక్కనే బొమ్మల ప్రదర్శన కూడా పెట్టారంట. ఆదివారం పోయొద్దాం రావే," అంది ఒకరోజు.

"నేనెందుకు?"

"నాకు ఫొటోలు తియ్యటానికి. రాళ్లకే అంత నిటారుగా తీస్తావు, నాకు తియ్యలేవా?"

"నీక్కూడా సుద్ద పెట్టాలిగా మరి."

"పెట్టవే, పెట్టు. ముక్క చాలదేమో, డబ్బా తెచ్చుకో."

బొమ్మల ప్రదర్శన ఒక చల్లటి హాల్లో. గోడల నిండా చిత్రాలు, జనం మాత్రం పలచగా. నాగజ్యోతి ప్రతి బొమ్మ పక్కనా నిలబడి ఒక ఫొటో తీయించుకుని ముందుకు పోతోంది. షాజాదీ ఒక్కో దాని ముందూ ఆగింది. ఆగితే ఆమెకు తెలిసిన చూపు ఒక్కటే. మొహం దగ్గరగా పెట్టి, పైనుంచి కిందికి. ఒక చిత్రంలో పాత గోడ, దాని మీద తడి ఎక్కిన మరక. ఇంకేమీ లేదు. కింది ఎడమ మూల రంగు బీట తీసి ఉంది. షాజాదీ చెయ్యి సుద్ద కోసం దానంతటదే సంచిలోకి వెళ్లింది. నాగజ్యోతి పరుగున వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. "ఒసే, ఇది మన యార్డు కాదే తల్లీ!"

నిర్వాహకురాలు, చేనేత చీర కట్టుకున్న పెద్దావిడ, ముచ్చటపడి దగ్గరికొచ్చింది. "ఇంత దగ్గరగా చూసేవాళ్లు అరుదమ్మా. మీరు చిత్రకళ నేర్చుకున్నారా?"

"లేదండి. కింద మూల పగిలిందండి."

"అది కావాలనే వదిలారు. ఆ పగులు కాలం గురించి మాట్లాడుతోంది. మనం మౌనంగా వినాలి."

షాజాదీ మౌనంగానే నిలబడింది. ఏమీ వినపడలేదు. బయటికొచ్చాక మాత్రం ఆ మాట నోట్లో ఇసకరాయిలా తగులుతూనే ఉంది.

"పగులు కావాలని వదలటం ఏందే?"

"వాళ్లకి సరుకు తిరిగిరాదేమోలే," అంది నాగజ్యోతి.

పూల ప్రదర్శన మైదానంలో. దోసిలి పట్టనంత బంతులు, పళ్లెమంత డాలియాలు, బహుమతి చీటీలు కట్టిన గులాబీలు. వాటిలో సుద్ద పెట్టడానికి ఏమీ దొరకలేదు, అంత బాగున్నాయి. అంత బాగున్నందుకేనేమో షాజాదీకి వాటితో పని లేనట్టు అనిపించింది. నాగజ్యోతిని పూల మధ్య నిలబెట్టి తీసింది, కూర్చోబెట్టి తీసింది. నాగజ్యోతి ఆ ఫొటోల్లో తన ముక్కు చూసుకుంటుంటే, షాజాదీ చివరి వరస దాకా నడిచింది. అక్కడ ఎవరూ పట్టించుకోని ఒక కుండీలో పురుగు తిన్న ఆకు ఉంది. జల్లెడ లాగా కన్నాలు. సాయంత్రపు ఎండ ఆ కన్నాల్లోంచి దూరి, పక్కనున్న తెల్లకుండీ మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. గాలికి ఆకు కదిలితే చుక్కలన్నీ కలిసి ఒక పక్కకు ఒరిగి మళ్లీ నిలబడుతున్నాయి. ఆమె యూనిట్ ఫోను ఎత్తింది.

"ఇన్ని పూలుండగా పురుగు తిన్న ఆకు దొరికిందా నీకు?" నాగజ్యోతి భుజం మీంచి తొంగిచూసింది. "సుద్ద పెట్టటానికా?"

"కాదనుకుంటా."

"మరెందుకు?"

షాజాదీ ఫొటో వంక చూసింది, ఆకు వంక చూసింది. "ఏమో," అంది. అది దాటవేత కాదు. నిజంగానే తెలియదు.

అప్పటినుంచి ఆ తెలియనితనం ఆమెను వదల్లేదు. బస్సులో పోతుంటే హైవే పక్కన తుమ్మముళ్లకు చిక్కుకున్న దూది కనపడేది. మిల్లులో అయితే అది ఏరి పారెయ్యాల్సిన చెత్త. ఇక్కడ మాత్రం ముల్లుకొక తెల్లటి పింజ ఎవరో చేత్తో తగిలించినట్టు ఉండేది. దిగి ఫొటో తీసి, తరవాతి బస్సు కోసం ఎండలో నిలబడేది. తల్లిని చూడ్డానికి వెళితే కళ్లం అంచున పారబోసిన తాలుకాయల గుట్ట ముందు కూలబడింది. పసుపు, పాలిపోయిన నారింజ, బూడిద తెలుపు. వెనకాల నిగనిగలాడే ఎర్ర మిరప ఎకరం మేర పరిచి ఉంది.

"ఏందమ్మీ, తాలుకాయలకి ఫొటోనా?" ఖాదర్‌బీ గట్టిగానే అడిగింది. "మంచికాయ ఇటుంది చూడు. ఎవరన్నా చూస్తే మన రైతు సరుకంతా తాలేననుకుంటారు. లెయ్యి!"

మాలిక్ గుజరాత్ ట్రిప్పు నుంచి వచ్చినప్పుడు భోంచేస్తూ ఫోను చూశాడు. లారీ టైరు గాడుల్లో ఎండి పగిలిన నల్లమట్టి.

"ఇదేంది, నా బండి టైరా?"

"ఊఁ. బాగుందా?"

మాలిక్ నిజాయితీపరుడు. అన్నం నములుతూ చాలాసేపు చూశాడు. "బాగానే ఉంది. కానీ బురదేగా."

బాగుంది అన్నదీ నిజమే, బురద అన్నదీ నిజమే. రెండూ ఒకే వాక్యంలో పక్కపక్కన ఎట్లా కూర్చున్నాయో అంతుపట్టలేదు. కళ్లకేమైనా అయిందేమోనని డాక్టరుకు చూపించుకుంది కూడా. కళ్లు భేషుగ్గా ఉన్నాయన్నాడు. అదొక్క ఆశా పోయింది.

ఇట్లా ఉండగా పర్చూరు నుంచి బాపయ్య అనే రైతుకు రాయి కావాల్సొచ్చింది. కొత్త ఇల్లు కడుతున్నాడు. దేవుడి గదిలో పటాలు, విగ్రహాలు పెట్టుకునే గట్టుకు స్టీల్ గ్రే అనే బూడిదరంగు రాయి పలక ఒకటి. మిరపకోతలు ముమ్మరంగా ఉన్నాయి, వచ్చి చూసే తీరిక లేదు, ఫొటోలు పంపమన్నాడు. దేవుడి గదికి కాబట్టి ఏ లోపమూ ఉండకూడదని మరీ మరీ చెప్పాడు.

మర్నాడు మంచు పట్టిన ఉదయం. షాజాదీ పలక మీద నీళ్లు చల్లింది, తుడిచింది, టేపు పరిచింది, మొహం దగ్గర పెట్టి వెతికింది. ఎడమ వైపు పైనుంచి కిందికి సన్నటి తెల్లగీత ఉంది. పగులు కాదు. రాయి పుట్టినప్పుడే దాంతోపాటు పుట్టిన గీత. బలానికి ఏ లోటూ లేదు, గ్రేడు మాత్రం ఒక మెట్టు దిగుతుంది. సుద్ద చేతిలోకి తీసుకుంది. సరిగ్గా అప్పుడే మంచు చీల్చుకుని పక్కనుంచి ఎండ పడింది. తడి ఆరని బూడిదరంగు రాయి, వాన పడబోయే ముందు పత్తిచేల మీదికి దిగే మబ్బు లాగా నల్లబడి లోతెక్కింది. ఆ మబ్బులోంచి ఎవరో ఒక్క నూలుపోగు బయటికి లాగుతున్నట్టు గీత వెలిగింది. షాజాదీ సుద్ద చేత్తో పట్టుకునే వెనక్కి నడిచింది. ఫొటో తీసింది. మంచు మళ్లీ మూసుకుంది.

సుద్ద పెట్టడం మర్చిపోయి నడిచిందా, పెట్టబుద్ధి కాక నడిచిందా? ఆ రోజు ఎవరూ అడగలేదు. ఆమె కూడా తనను తాను అడగలేదు. ఎదురుచూస్తున్న పలకలు ఇంకా బోలెడున్నాయి.

ఫొటో పర్చూరు వెళ్లింది. గంట తిరక్కుండా అదే కావాలని కబురొచ్చింది. సుద్ద లేని పలకను లారీకెక్కించే వాళ్లెవరూ పట్టి పట్టి చూడరు. రాయి వెళ్లిపోయింది.

తిరిగొచ్చింది బాపయ్య గొంతు. ఫోను స్పీకర్లో పెట్టకపోయినా ఆఫీసు మొత్తానికి వినపడింది. "ఏమయ్యా వీరాంజనేయులూ! దేవుడి గదికని చెప్పి మరీ అడిగితే పగిలిన రాయి పంపుతావా? ఫొటోలో ఉన్న రాయి వేరు, ఇది వేరు! నువ్వే వచ్చి చూడు!"

వీరాంజనేయులు గారు ఫొటో తెరిచి చూశారు. గీత కనపడుతూనే ఉంది. సుద్ద లేదు కాబట్టి ఆ రోజు ఆయనా దాన్ని కరెంటు తీగ నీడే అనుకున్నారు. షాజాదీని పిలిచారు.

"ఏమ్మా, ఇది రాయిలోదేనా?"

"అవున్సార్."

"నీకు కనపడిందా?"

ఆమె వేళ్లకంటిన సుద్ద దులుపుకుంది.

"సరే, ఒకటి చెప్పు. సుద్ద పెట్టటం మర్చిపోయావా, కావాలనే పెట్టలేదా? మర్చిపోతే మనుషులన్నాక మర్చిపోతారు, నాలుగు తిట్టి ఊరుకుంటా. కావాలని అయితే మాత్రం రేపట్నించి రావొద్దు. ఫోను ఇచ్చేసి పో. నా సుద్దను జనం నమ్మకపోతే నేను రాళ్లమ్మలేను."

ఇంత తేలిక ప్రశ్న. ఒక జవాబుకు ఉద్యోగం ఉంటుంది, ఇంకోదానికి పోతుంది. పోతే మళ్లీ చిలకలూరిపేట మిల్లు, ఆ దూదిపొడి, ఆ దగ్గు. ఇంట్లో ఆమెకున్నది మీటల ఫోను, దాంట్లో కెమెరా ఉన్నా లేనట్టే. ఆకు, ముళ్ల మీది దూది, తాలుకాయలు, టైరు, అన్నీ యూనిట్ ఫోనులోనే ఉన్నాయి. మర్చిపోయానని అనేస్తే అయిపోయేది. అనడానికి అడ్డం వచ్చింది నీతి కాదు, ఆమె హరిశ్చంద్రుడి చెల్లెలేమీ కాదు. ఏది నిజమో తెలియకపోవడమే అడ్డం. ఆ ఉదయం సుద్ద చేతిలో ఉన్నట్టు గుర్తుంది. గీత గుర్తుంది. మధ్యలో తను ఏమనుకుందో ఎంత వెతికినా దొరకడం లేదు. రాయిలో గోరంత మచ్చ పట్టుకోగల కన్ను, తన మనసులో ఇంత పెద్ద గీత ఎక్కడ మొదలైందో పట్టుకోలేకపోతోంది.

"తెలీదు సార్," అంది.

"తెలీదు అనేది ఈ రెంట్లో లేదమ్మా!" అని ఆయన కారు తాళాలు తీసుకున్నారు. "పద, పర్చూరు పోదాం. దార్లో గుర్తు తెచ్చుకో."

దారి పొడుగునా రెండు పక్కలా పొగాకు చేలు, మధ్య మధ్య ఎర్రటి కళ్లాలు. వీరాంజనేయులు గారు ఊరుకుండే మనిషి కాదు.

"చూడు, అక్కడ బాపయ్య అడుగుతాడు. మర్చిపోయానను. సుద్ద అయిపోయిందను, తెచ్చేలోపు ఇంకో పని పడిందను. ఏదో ఒకటి. ఆయన అరుస్తాడు, అరిచి ఊరుకుంటాడు. రాయి మార్చిస్తాం. అర్థమైందా?"

"ఊఁ."

"ఊఁ కాదు, ఒకసారి అను."

"మర్చిపోయాను."

"అద్గదీ. మొహం ఇంకొంచెం ఏడుపుగా పెట్టు."

మాట నోటికి బాగానే వచ్చింది. దార్లో ఇంకో రెండుమూడుసార్లు లోలోపల అనుకుని చూసింది. అనుకున్న కొద్దీ అదే జరిగిందేమో అనిపించసాగింది. ఇంకాస్త దూరం పోయేసరికి, మరీ అంత సులువుగా నమ్ముతోందంటే అది అబద్ధమేనేమో అని కూడా అనిపించింది.

బాపయ్య కొత్త ఇల్లు సగంలో ఉంది. హాల్లో సిమెంటు బస్తాల పక్కన గోడకు ఆనించి పలక, దాని మీద ట్యూబులైటు. బాపయ్య తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని ఎదురొచ్చాడు. కళ్లం నుంచి నేరుగా వచ్చినట్టుంది, ఒంటి నుంచి మిరపకాయ ఘాటు కొడుతోంది. వెనకాల ఆయన భార్య గురవమ్మ, చేతిలో మంచినీళ్ల చెంబు.

"రావయ్యా, రా. కళ్లజోడు ఉంటే పెట్టుకుని చూడు. పగిలిన రాయి మీద దేవుణ్ణి ఎక్కడన్నా కూర్చోబెడతారా? రేపు మా ఇంట్లో కోడి కుంటినా ఈ రాయి వల్లేనంటది మా అత్త!"

"పగులు కాదు బాపయ్య గారూ, అది రాతిగీత. రాయి గట్టిదే. అయినా మీకు వద్దంటే మార్చిస్తాం."

"మార్చటం సరే. ఫొటోలో ఇది నీడ అనుకున్నా నేను. నీ సుద్ద లేదు గదా! ఎవరు తీశారు ఆ ఫొటో?"

వీరాంజనేయులు గారు షాజాదీ వైపు తిరిగారు. ఆమె మొహం ఏడుపుగా పెట్టాల్సిన అవసరం లేకుండా అట్లాగే ఉంది.

"నువ్వేనా అమ్మాయ్? నిజం చెప్పు. ఈ గీత నీకు కనపళ్లేదా?"

నోట్లో 'మర్చిపోయాను' సిద్ధంగా ఉంది. బయటికి వచ్చింది వేరే. "కనపడిందండి."

వీరాంజనేయులు గారు పైకి చూశారు. పైన స్లాబు తప్ప ఏమీ లేదు.

"కనపడితే సుద్ద ఎందుకు పెట్టలా?"

"పెడితే పాడైద్దనిపించింది. అంటే... అనిపించిందో లేదో తెలీదండి. ఇప్పుడనిపిస్తోంది."

"ఏది పాడైద్ది?"

షాజాదీ ఆలోచించింది. "ఫొటో."

"నేను రాయి కొన్నానా, ఫొటో కొన్నానా?" బాపయ్య గొంతు కళ్లం దాకా వినపడేట్టు లేచింది. "విన్నావా గురవమ్మా? ఫొటో పాడైద్దని సుద్ద పెట్టలేదంట! రేపు మిరపకాయ కొనేవాడికి నేనూ అట్టాగే చెప్తా. తాలు ఏరితే రంగు పాడైద్దని ఏరలేదయ్యా అని!"

"నువ్వు కాసేపు ఊరుకోవయ్యా," అంది గురవమ్మ. చెంబు కింద పెట్టి, చెంగుతో చెయ్యి తుడుచుకుని దగ్గరికొచ్చింది. "ఆ ఫొటోలో గీత నేనూ చూశా. నీడ అనుకోలా. రాయిలోదే అనుకున్నా. అది ఉందనే ఇది కావాలన్నా."

వీరాంజనేయులు గారికి ప్రాణం లేచొచ్చింది. "అయితే అమ్మగారూ, రాయి మీకు నచ్చినట్టే గదా..."

"నచ్చిందని ఎవరన్నారు? ఫొటోలో బాగుంది. ఇక్కడ బాగాలా." గురవమ్మ పలక వైపు వేలు చూపించింది. "చూడు, మసిగుడ్డకి దారం ఊడినట్టుంది. ఏమ్మాయ్, నీకెట్టా ఉంది? నువ్వే చెప్పు."

షాజాదీ పలక ముందుకు నడిచింది. అలవాటుగా మొహం దగ్గర పెట్టింది, తరవాత దూరం వెళ్లి చూసింది. ట్యూబులైటు కింద చప్పటి బూడిదరంగు, మధ్యలో సున్నం కారినట్టు ఒక గీత. మబ్బు లేదు, లోతు లేదు. పక్కకు జరిగి చూసింది, వంగి చూసింది. తన చూపులో ఉందేమోనని కళ్లు మూసి తెరిచింది. ఏమీ లేదు. దారంతా గీతను దాచానా లేదా అని సతమతమైంది గానీ, అసలు దాచడానికి అక్కడ ఏదో ఉందని మాత్రం గట్టిగా నమ్మింది. ఇప్పుడు అదీ లేదు. ఫోను తెరిచి ఆనాటి ఫొటో చూసింది. అందులో ఉంది. అదే గీత, అదే పలక. ఫోనులో ఉంది, ఎదురుగా లేదు.

"బాగాలేదండి," అంది నీరసంగా.

"నిజమే చెబుతోందయ్యో ఈ పిల్ల!" గురవమ్మ నవ్వేసింది. "అట్టయితే ఇక అరుపులెందుకు? దేవుడి గదికి గీత లేనిది ఇంకోటి పంపండి. దీన్ని మళ్లీ మోసుకుపోవటం ఎందుకు, పెరట్లో గిన్నెలు తోముకునే గట్టుకి వేయిద్దాం. తడి మీద ఎట్టా ఉంటదో చూద్దాం."

"ఇంత ఖరీదు రాయి గిన్నెల గట్టుకా!" బాపయ్య లబలబలాడాడు.

"గిన్నెల దగ్గర పొద్దస్తమానం కూర్చునేది నువ్వా నేనా?" అని ఆయన్ను పక్కకు నెట్టి, ఆమె తన ఫోను తెచ్చి షాజాదీ చేతిలో పెట్టింది. "ఆ ఫొటో దీంట్లో పైనే కనపడేట్టు పెట్టమ్మా. మావాడు పెట్టిన దేవుడి బొమ్మ ఉంది, తీసెయ్."

షాజాదీ పెట్టింది. గురవమ్మ ఫోను చేయి చాచి దూరంగా పట్టుకుని చూసుకుంది. "ఇదిగో, ఇదీ బాగుంది," అంది, వెనకనున్న రాయి వైపు తిరిగి కూడా చూడకుండా.

తిరుగు ప్రయాణంలో షాజాదీ యూనిట్ ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, వీరాంజనేయులు గారు ఎప్పుడు చెయ్యి చాపితే అప్పుడు ఇచ్చేయడానికి. ఎదురుగా పత్తి లారీ ఒకటి పొంగిపోయి, రోడ్డంతా ఆక్రమించుకుని పోతోంది. దాని వెనక నెమ్మదిగా వెళ్లాల్సొచ్చింది. అప్పుడు ఆయన నోరు విప్పారు.

"నువ్వు మర్చిపోయానని ఉంటే నేను హాయిగా తిట్టి ఊరుకునేవాణ్ణి. కావాలని చేశానని ఉంటే హాయిగా తీసేసేవాణ్ణి. రెండూ కాకుండా చేశావు."

"అవున్సార్."

"అవునంటావేంది! పైగా ఆ ఫొటో చూసే రాయి కొన్నారు. ఇంకోటి కూడా కొంటున్నారు. అట్టాంటి ఫొటో మన యూనిట్లో ఎప్పుడన్నా వచ్చిందా? రాలేదు. అట్టాంటి గొడవ ఎప్పుడన్నా వచ్చిందా? అదీ రాలేదు." హారను గట్టిగా కొట్టారు. లారీ పక్కకు తప్పుకోలేదు. "ఒక పని చేద్దాం. రేపట్నించి రాయి చూసి సుద్ద పెట్టేది నాగజ్యోతి. నువ్వు సుద్ద ముట్టుకోవద్దు. తప్పులు వెతకొద్దు. ఆమె పెట్టాక ఫొటో మాత్రం నువ్వు తియ్యి."

షాజాదీ ఆయన వంక చూసింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చేతిలో ఉన్న పని అదొక్కటే. దాన్ని తీసేసుకుని, మొన్న మొన్న అంటుకున్న దాన్ని ఉంచుతున్నారు. నాగజ్యోతికి రాతిగీతకూ నీడకూ తేడా తెలియదు. బిల్లు మీద చుక్క పెట్టడం వేరు, రాయి మీద చుక్క పట్టుకోవడం వేరు. ఆ సంగతి చెప్పాలా వద్దా? చెబితే తప్పు వెతికినట్టవుతుందా?

"సార్, అంటే నన్ను పనిలో ఉంచినట్టా, తీసేసినట్టా?"

వీరాంజనేయులు గారు కాసేపు స్టీరింగు మీద వేళ్లతో తాళం వేశారు.

"నాకూ తెలీటంలేదమ్మా. ముందు రేపు పొద్దున్నే రా, చూద్దాం."